జీన్స్: సగం అమ్మవి

ఈగల డాక్టరుకి నోట్లో నాలుక లేదని బయటివాళ్ళెవరో కాదు, సొంత ఇంటివాళ్ళే అనేవాళ్ళు. మరీ మూగదేం కాదు. ఏదో గొణిగేది. ఆ గొణుగుడు ఎదుటివాడి చెవిదాకా చేరేలోపు గాలికి పోయేది. ఏళ్ళ తరబడి ల్యాబులో సీసాల నిండా పండు ఈగల్ని పెంచుతూ, ఎర్రకళ్ళవాటికి ఎవరు పుట్టారు, తెల్లకళ్ళవాటికి ఎవరు పుట్టారు అని చూసుకుంటూ బతికిన మనిషికి మనుషులతో మాట్లాడే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి! బజారులో రెడీమేడ్ బట్టల షాపున్న ఆమె బావ అయితే ఇంటికొచ్చిన ప్రతివాడికీ అదే జోకు వేసేవాడు. "బేరాల్లేని రోజు మేం షాపులో ఈగలు తోలుకుంటాం. మా మరదలు చూడండి, ఈగల్ని కూర్చోబెట్టి మేపి నెలనెలా జీతం తెచ్చుకుంటుంది!" అని తనే ముందు పకపకా నవ్వేవాడు.

అలాంటి మనిషికి ఉపన్యాసాల పిచ్చి పట్టుకుంది. గ్రంథాలయం మేడ మీద హాల్లో ఆదివారం సాయంత్రాలు సైన్సు ఉపన్యాసాలు జరిగేవి. నడిపేది రిటైరైన ఫిజిక్సు మాస్టారు. నక్షత్రాలెలా పుడతాయో, ఎలా చచ్చిపోతాయో ఆయన చేతులు తిప్పుతూ చెబుతుంటే ఎదురుగా ఉండేది నలుగురైదుగురు. అందులోనూ ఇద్దరు ఫ్యాను గాలికోసం వచ్చినవాళ్ళు. ఆ మధ్య ఒకసారి ఈగల డాక్టరు జీవపరిణామం గురించి మాట్లాడింది. మాట్లాడడమేమిటి నా మొహం, తల దించుకుని కాగితాలు చదివింది. చదవడం అయ్యాక తలెత్తి చూస్తే హాల్లో మెలకువగా ఉన్నది మాస్టారు ఒక్కరే. ఆయన కూడా కళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారేమోనని ఆమెకి అనుమానం. ఇంటికెళ్ళి బాత్‌రూములో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చింది.

ఏడ్చింది కానీ మానలేదు. తనకి తెలిసిన సంగతి ఎంత అందమైనదో ఆమెకి తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిండుగా ఉన్న హాలుకి ఆ సంగతి చెప్పి, వాళ్ళ మొహాలు వెలగడం చూడాలి. ఆమె కోరికల్లా అదొక్కటే.

ఆ కోరిక తీరే దారి కూడా మూసుకుపోయే రోజు వచ్చింది. హాలు మేనేజరు మాస్టారుని పిలిచి మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఖాళీ కుర్చీలకి కరెంటు దేనికండీ? ఈ ఆదివారం కూడా ఇంతే అయితే హాలు డాన్సు క్లాసువాళ్ళకి ఇచ్చేస్తాను. వచ్చి తొంగిచూసి పోయే జనం లెక్కలోకి రారు. చివరిదాకా కూర్చోవాలి. నేనే వచ్చి చూస్తా."

ఆ ఆదివారం మాట్లాడాల్సింది ఈగల డాక్టరే. "మీరే మాట్లాడండి మాస్టారూ, మీ నక్షత్రాలైతే..." అని గొణిగింది.

"నా నక్షత్రాల మొహం ఎవడూ చూడ్డం లేదమ్మా. నీ జన్యువులకైనా వస్తారేమో చూద్దాం. కానీ జన్యువులూ గిన్యువులూ అని రాయకు. పరీక్ష పెడతారేమోనని పారిపోతారు. జీన్స్ అని రాయి. నోరు తిరుగుతుంది" అన్నారు మాస్టారు.

సరేనని ఆమె ఒక కాగితం మీద రాసింది: "మీ జీన్స్. సగం అమ్మవి, సగం నాన్నవి. ఆదివారం సాయంత్రం, గ్రంథాలయం మేడ మీద హాలు. ప్రవేశం ఉచితం." ఫ్లెక్సులు కొట్టే షాపులో ఇచ్చేసి, ఈగలకి మేత వేసే వేళవుతోందని ల్యాబుకి పరుగెత్తింది.

ఫ్లెక్సులు కొట్టేవాడు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. ఏదో ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టి పారేసే రకం కాదు. "సగం అమ్మవి" దగ్గర ఆగి బుర్ర గోక్కున్నాడు. పాపం, చదువుకున్నావిడే, తొందరలో అక్షరాలు మింగేసింది అనుకున్నాడు. "సగానికి అమ్మేవి" అని దిద్దాడు. మరి "సగం నాన్నవి" ఏమిటి? నాన్నలు తొడుక్కునే పెద్ద సైజులు కూడా ఉన్నాయన్నమాట! అదీ దిద్దాడు. పనిలో పనిగా, పైసా అదనంగా తీసుకోకుండా, పక్కన నిలువెత్తు నీలం ప్యాంటు బొమ్మ కూడా వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం బావ ఒగరుస్తూ ఇంట్లోకి వచ్చిపడ్డాడు. "కొంప ముంచావు కదమ్మా మరదలా! నా షాపుకెదురుగా ఆ ఫ్లెక్సు కట్టించావు! 'మీ జీన్స్ సగానికి అమ్మేవి, నాన్నలవి కూడా' అని! పొద్దున్నుంచి ఒక్క బేరం తగిల్తే ఒట్టు. అడిగితే, సాయంత్రం లైబ్రరీలో సగానికి ఇస్తున్నారటగా అని నాకే చెప్తున్నారు!"

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక ఆగలేదు. బావని వెంటబెట్టుకుని, ఈ తమాషా ఏమిటో తనూ చూస్తానని వెనకే బయల్దేరిన అక్కతో సహా, గ్రంథాలయానికి పరుగెత్తింది.

మెట్ల మీదే జనం! సంచులు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు, భుజాలు రాసుకుంటున్న కాలేజీ కుర్రాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని కుటుంబాలు. ఒకాయన, పాతది ఇస్తే ఇంకా తగ్గిస్తారని ఎవరు చెప్పారో, చిరిగిన ప్యాంటు చుట్టి చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు. హాల్లో ఇసుక వేస్తే రాలదు. గుమ్మం పక్కన మేనేజరు చేతులు కట్టుకుని, తన కళ్ళని తనే నమ్మలేనట్టు చూస్తున్నాడు.

మాస్టారు ఆమెకి ఎదురొచ్చారు. "గొడవ కాకముందే తప్పయిందని చెప్పేసి పంపించేద్దామమ్మా. కుర్చీలు విరక్కొడితే ఎవరు కట్టాలి?"

ఆమె హాలు వైపు చూసింది. పంపించేస్తే పోయేదేముంది? హాలు పోతుంది, అంతే. ఇన్ని మొహాలు ఒకచోట మళ్ళీ ఈ జన్మలో దొరకవు. మైకు అందుకుంది.

"అందరికీ నమస్కారం... ఈరోజు మనం... జీన్స్ అనగా..."

"వినపడట్లేదు!" అన్నారు వెనకనుంచి. "సైజులు చెప్పండి ముందు!" అన్నారు పక్కనుంచి. "సరుకెక్కడ?" అన్నారు ముందునుంచి.

"జీన్స్ మీ దగ్గరే ఉన్నాయి... మీ ఒంట్లోనే... లోపల..."

"లోపలేంటమ్మా!" అని ఎవడో అరిచాడు. హాలంతా గొల్లుమంది. నవ్వు సద్దుమణిగే సరికి కొందరికి కోపం వచ్చింది. "మోసం ఇది. పదండి పదండి" అంటూ కుర్చీలు కిర్రుమనిపిస్తూ లేచారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

అప్పుడు ఈగల డాక్టరుకి ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు, తన గొణుగుడు మీద. చేతిలో కాగితాలు టేబుల్ మీద పడేసింది.

"కూర్చోండి!"

ఆ గొంతు ఎవరిదో ఆమెకే తెలియలేదు. లేచినవాళ్ళు సగంలో ఆగిపోయారు.

"మీరు జీన్స్ కోసం వచ్చారు. జీన్స్ గురించే చెప్తాను. మీలో ప్రతివాళ్ళకీ పుట్టకముందే ఒక జత ఇచ్చేశారు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. పైసా తీసుకోలేదు. చిన్నవైపోయాయని మార్చుకోవడానికి లేదు, నచ్చలేదని తిరిగివ్వడానికి లేదు. ఇన్నేళ్ళుగా తొడుక్కుని తిరుగుతున్నారు కదా, అవేంటో ఒక్కసారి కూడా చూసుకోకుండానే ఇంటికి పోతారా?"

"ఎలా చూసుకుంటాం?" అన్నాడు చిరిగిన ప్యాంటు ఆయన.

"నాలుక బయటపెట్టండి, చెప్తా."

ఆమె దగ్గర ఒక బుడ్డిలో సన్నటి కాగితం ముక్కలున్నాయి. హాని చెయ్యని ఒక మందు పూసిన కాగితాలు. నలుగురొస్తారని తెచ్చినవి ఇంతమందికి ఏం సరిపోతాయి? బావ షాపు మనిషి కదా, గ్రంథాలయం బల్ల మీది కత్తెర పట్టుకుని చకచకా ముక్కలుగా కత్తిరించేశాడు. మాస్టారు వరసవరసకీ పంచారు. అందరూ అనుమానంగా చూసుకుంటూ నాలుక మీద పెట్టుకున్నారు.

తర్వాత మొదలైంది చూడండి గోల!

"థూ! చేదు! విషం!" అని సగం హాలు. "చేదేంటి, వట్టి కాగితం!" అని మిగతా సగం. అన్నకి చేదు, తమ్ముడికి లేదు. పక్కపక్కన కూర్చున్న స్నేహితురాళ్ళు నువ్వు అబద్ధమంటే నువ్వు అబద్ధమని కొట్టుకోవడానికి సిద్ధమయ్యారు. కత్తెర పట్టుకుని నిలబడ్డ బావ మొహం చిట్లించుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. మూడో వరసలో కూర్చున్న అక్క మాత్రం ఆ ముక్కని హాయిగా చప్పరించి, "ఇందులో ఏముందే?" అంది.

"బావా, నీకు క్యాబేజీ ఎందుకు పడదు?" అని మైకులోనే అడిగింది ఈగల డాక్టరు.

"చేదుగా ఉంటుంది కనక! పెళ్ళయిన నాటినుంచీ మొత్తుకుంటున్నా. మీ అక్క వింటేనా? పొగరు అంటుంది!"

"అక్కా, అది పొగరు కాదు, జీను. ఈ కాగితం చేదు తెలిసినవాళ్ళలో చాలామందికి క్యాబేజీ కూడా కాస్త చేదుగానే తగుల్తుంది. నీకు తగల్దు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు."

బావ రెండు చేతులూ పైకెత్తి హాలంతటికీ దండం పెట్టాడు. "విన్నారా! అందరూ సాక్ష్యం!" హాల్లో మగవాళ్ళు ఈలలు వేశారు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లేచినవాళ్ళంతా ఎప్పుడు కూర్చున్నారో ఎవరికీ తెలియలేదు.

ఇక ఆమెని ఆపేవాళ్ళు లేరు. "చేదుని పట్టుకునే ఏర్పాటు ఒకటి మీ నాలుక మీద ఉంటుంది. దాన్నెలా తయారు చెయ్యాలో మీ ఒంట్లో రాసి ఉంటుంది. ఆ రాతే జీను. అందులో రెండు మూడు అక్షరాలు మారాయనుకోండి, ఆ చేదు తెలీదు. అక్షరాలు మారితే ఇంత జరుగుతుందా అంటారేమో! నేను 'అమ్మవి' అని రాశాను. ఫ్లెక్సులు కొట్టేవాడు 'అమ్మేవి' అన్నాడు. ఏం జరిగిందో మీరే చూశారుగా!"

అప్పటికి గాని జనానికి అసలు సంగతి తెలియలేదు. తెలిశాక పొట్టలు పట్టుకుని నవ్వారు. చిరిగిన ప్యాంటు ఆయన అయితే ఆ ప్యాంటుతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"రాతలో తప్పులు అలాగే వస్తాయి. చాలా తప్పులు నష్టం చేస్తాయి, కొన్ని ఏమీ చెయ్యవు. ఎప్పుడో ఒక తప్పు కలిసొస్తుంది. నా హాలు నిండింది చూశారా, అలాగ. కలిసొచ్చిన తప్పు నిలబడుతుంది, పిల్లలకి పోతుంది, వాళ్ళ పిల్లలకి పోతుంది. కోట్ల ఏళ్ళు అలా పోగా పోగా మనం వచ్చాం. జీవపరిణామం అంటే ఇదే. మొన్నటిసారి ఇదే సంగతి చెప్పి అందరినీ నిద్రపుచ్చాను."

చప్పట్లు! హాలు దద్దరిల్లింది. మాస్టారు కుర్చీలోంచి లేచి మరీ కొట్టారు. ఆమె ఉత్సాహంగా వెనక తెర మీద తను ముందే తయారు చేసుకున్న పట్టిక వేసింది. తల్లిదండ్రులిద్దరికీ చేదు తెలియకపోతే పిల్లలకి కూడా తెలియదు అని అందులో పెద్ద అక్షరాలతో ఉంది.

రెండో వరసలో ఒక బస్సు డ్రైవరు కూర్చున్నాడు. అటుపక్క అతని తల్లి, ఇటుపక్క భార్య, ఒళ్ళో కూతురు. పాప కాగితం ఉమ్మేసి ఇంకా "చేదు, చేదు" అని నాలుక గీక్కుంటూనే ఉంది. డ్రైవరు ఆ పట్టికని పైనించి కిందికి చదివాడు. మళ్ళీ చదివాడు.

"మేడమ్, మా ఆవిడకి చేదు లేదంది. నాకూ లేదు. మరి పాపకి ఎలా వచ్చింది?"

"అంటే ఏంటిరా?" అంది అతని తల్లి. వెనకెక్కడో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు హాలంతా పాకింది. భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దావిడ చూపు మెల్లగా కోడలి మీదికి తిరిగింది.

ఈగల డాక్టరు తెర వైపు చూసింది. తను వేసిన పట్టిక, తను రాసిన మాట! జనాన్ని గెలుచుకున్న సంబరంలో ఒక ఆడమనిషి కాపురం మీదికి తెచ్చింది. ఇప్పుడు గొణిగితే ఇక అంతే.

తెర ఆపేసింది. తిన్నగా రెండో వరస దగ్గరికి నడిచి, భార్య పక్కన నిలబడింది.

"ఆ మాట రాసింది నేను. రాసింది తప్పు. పుస్తకాల్లో సుళువుకోసం అలా రాస్తారు, నేనూ రాసేశాను. ఒక్క జీనుతో తెమిలే పని కాదిది. వేరే జీన్లు వేలు పెడతాయి. జలుబు చేస్తే మారుతుంది, వయసుతో మారుతుంది, ఈ లెక్క తప్పే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇంత కాగితం ముక్క చూసి ఎవరి బిడ్డ ఎవరో తేల్చేవాడు సైన్సు తెలిసినవాడు కాదు, దగాకోరు. ఇందాక వెనక నవ్విన ఆయన లేచి నిలబడితే ఈ ముక్క ఆయనకి విడిగా కూడా చెప్తాను."

ఎవడూ లేవలేదు.

అప్పుడు ఆమె చూపు డ్రైవరు చొక్కా జేబు మీద పడింది. కాగితం ముక్క కొస బయటికి కనిపిస్తోంది. మిగతా అందరి కాగితాలూ తడిసి ముద్దయ్యాయి. ఇది మాత్రం బావ కత్తిరించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"అన్నా, మీరసలు దీన్ని నాలుక మీద పెట్టుకున్నారా?"

డ్రైవరు నీళ్ళు నమిలాడు. "పెట్టుకున్నట్టే అండి..."

"పెట్టుకున్నట్టేనా, పెట్టుకున్నారా?"

"మా డిపోవాళ్ళంతా వెనక వరసలోనే ఉన్నారు మేడమ్. ఏమీ లేదు, ఏమీ లేదు అన్నారు. నేనొక్కణ్ణే చేదు అని మొహం చిట్లిస్తే రేపట్నుంచి ఏడిపిస్తారని... వాళ్ళలాగే నాకూ ఉండదులే అని లేదనేశా."

"ఇప్పుడు పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. ఆ మొహం వంకర్లు తిరగడం చూడాలి! "అమ్మో! అమ్మో! నీళ్ళు!" అని కుర్చీలోంచి ఎగిరాడు. హాలు పైకప్పు లేచిపోయేలా అరిచింది. తల్లి వీపు మీద ఒక్కటిచ్చింది. భార్య కళ్ళు తుడుచుకుని, "ఇంటికి పద, నీ సంగతి చెప్తా" అంది మెల్లగా.

"మా ఈగలతో ఈ బాధ లేదండీ" అంది ఈగల డాక్టరు. "అవి డిపోవాళ్ళకి భయపడవు."

తర్వాత ప్రశ్నలే ప్రశ్నలు. బట్టతల ఎవరినుంచి వస్తుంది, కవలలు ఎందుకు పుడతారు, కోతులు ఇంకా ఎందుకున్నాయి. కాగితం లేదు, గొణుగుడు లేదు, అడిగినవాడి కళ్ళలోకి చూసి చెబుతోంది. తెలియనిది తెలియదంటోంది. టైమైపోయిందని చెప్పడానికి మేనేజరు ముందుకొస్తే జనం "కూర్చోవయ్యా" అని కసిరారు. ఆయన నోరు మూసుకుని స్టేజీ మెట్టు మీద మాస్టారు పక్కన కూలబడ్డాడు. "డాన్సువాళ్ళకి ఇంకో చోటు చూస్తాలెండి" అన్నాడు. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు డ్రైవరు భార్య లేచి నిలబడింది.

"మేడమ్, పాప పుట్టిన నాటినుంచీ ముక్కు మావాళ్ళది, నవ్వు మావాళ్ళది, తెలివి మావాళ్ళది అంటారు. అల్లరి చేస్తే మాత్రం నా పోలిక. సగం అమ్మదని మీరన్నారు. నిజంగానే సగమా, మాటవరసకి అన్నారా?"

"సగం కాదమ్మా" అంది ఈగల డాక్టరు.

ఆ అమ్మాయి మొహం వాడిపోయింది.

"సగం కంటే ఓ పిసరు ఎక్కువ. ఒంట్లో ప్రతి కణంలోనూ శక్తి పుట్టించే చిన్నచిన్న పొయ్యిలుంటాయి. వాటికి వేరే జీన్లున్నాయి. మనుషుల్లో అవి తల్లి దగ్గర్నుంచే వస్తాయి. పాపకి మీరిచ్చారు, మీకు మీ అమ్మ ఇచ్చింది, ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది."

ఆడవాళ్ళ కుర్చీల్లోంచి లేచిన కేక గురించి ఏం చెప్పను! సంచులు గాల్లోకి లేచాయి. ఆ గోలలో డ్రైవరు తల్లి చెయ్యెత్తింది. "ఆగండర్రా" అంది. ఆగారు.

పెద్దావిడ కొడుకు తల మీద చెయ్యి వేసింది. "అయితే వీడు కూడా వాళ్ళ నాన్న కంటే నాదే ఓ పిసరు ఎక్కువా?"

"అవునండీ. మీదే."

"వీడు నడిస్తే వాళ్ళ నాన్న నడక అనేవాళ్ళు. మాట్లాడితే వాళ్ళ తాత గొంతు అనేవాళ్ళు. నేనేదో మోసి, కని ఇవ్వడానికే వచ్చినదాన్నైనట్టు. ఆ మాటలే నేనూ దీన్ని అన్నాను" అని కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు చెప్పలేదు తల్లీ ఈ సంగతి. మళ్ళీ చెప్పు. గట్టిగా చెప్పు. కింద రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా వినపడాలి."

ఈగల డాక్టరు మైకు పక్కన పెట్టేసింది. ఊపిరి నిండా పీల్చుకుని మళ్ళీ చెప్పింది. బజారు చివరిదాకా వినపడింది.